అమెరికా ఆషాఢం

ఆషాఢం రాగానే మన ఊళ్లలో రెండు పనులు జరుగుతాయి. కొత్త కోడలు పుట్టింటికి వెళ్తుంది. బట్టల కొట్ల ముందు డిస్కౌంటు బ్యానర్లు లేస్తాయి. ముహూర్తాలు లేని నెల, బేరాలు ఉండవు, కాబట్టి రేట్లు తగ్గించి జనాన్ని పిలుస్తారు. మొగుడూ పెళ్లాల్ని విడదీసే నెలలోనే చీరలు చౌకగా దొరకడం కాకతాళీయమే కావచ్చు. కానీ అమెరికా వచ్చి నవంబరు నెలాఖరు ఎలా ఉంటుందో చూశాక ఆ సంగతి నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది. తేడా ఏమిటంటే, అక్కడ ఎడబాటు పెద్దవాళ్లు పెట్టింది. ఇక్కడ కలిసి కూర్చుని తినమని దేశం సెలవిస్తే, అర్ధరాత్రి లేచి టీవీ కోసం లైన్లో నిలబడటం ఎవరికి వారు తెచ్చిపెట్టుకున్నది.

బ్లాక్ ఫ్రైడే గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. హైదరాబాద్ మాల్స్‌లోనూ, ఫోన్లలోనూ ఆ పేరుతో సేల్స్ వచ్చేశాయి. కానీ దానికి ముందొచ్చే గురువారం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఎగుమతి అయింది శుక్రవారం ఒక్కటే. ఆ గురువారమే థాంక్స్‌గివింగ్. నేనుండేది మసాచుసెట్స్‌లో. ఆ పండగ పుట్టిల్లు అని చెప్పుకునే ప్లిమత్ ఊరు మా రాష్ట్రంలోనే ఉంది. 1621లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు మొదటి పంట చేతికొచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారని, వాంపనోగ్ తెగవాళ్లు తొంభై మంది దాకా అందులో కలిశారని అప్పటి ఉత్తరం ఒకటి చెబుతుంది. ఆ తర్వాత ఆ తెగకు జరిగింది విందు కథలా ఉండదు. 1970 నుంచీ ప్రతి థాంక్స్‌గివింగ్ నాడూ అదే ప్లిమత్‌లో ఆదివాసులు సంతాప దినం పాటిస్తున్నారు. ఇక్కడి పిల్లల పాఠాల్లో ఈ రెండో ముక్క చాలాకాలం కనిపించలేదు.

ఇంకో విచిత్రం. మసాచుసెట్స్‌లో స్థిరపడ్డ తొలితరం ప్యూరిటన్లకు, అంటే కఠిన నియమాల క్రైస్తవులకు, పండగలంటే గిట్టదు. 1659 నుంచి మసాచుసెట్స్ బే కాలనీలో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా వేసేవారు. ఆ చట్టం 1681 దాకా నడిచింది. ఆదివారం మాత్రం కొట్టు తెరవకూడదు, పని చేయకూడదు, ప్రార్థనకు రావాలి. పండగ వద్దన్నవాళ్లే విశ్రాంతిని చట్టం చేశారన్నమాట. ఈ రెండో పని తాలూకు తోక ఇప్పటికీ మా రాష్ట్ర చట్టాల్లో వేలాడుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

గురువారాన్ని దేశమంతా జరుపుకునే పండగ చేసింది ఒక పత్రికా సంపాదకురాలు. సారా జోసెఫా హేల్ అని, పక్కనున్న న్యూ హాంప్‌షైర్ ఆవిడ. మన ఇంగ్లీషు మీడియం పిల్లలందరికీ కంఠతా వచ్చే ‘మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్’ రాసింది ఆవిడే. భర్త పోయాక పిల్లల్ని పెంచుతూ, కలం పట్టుకుని బతికి, ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే పత్రికను దశాబ్దాల పాటు నడిపింది. రాష్ట్రానికో తేదీన, కొన్నిచోట్ల అసలే లేకుండా సాగుతున్న ఈ పండగను దేశమంతా ఒకే రోజు చేసుకోవాలని గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాస్తూనే పోయింది. అంతర్యుద్ధం నడుమ 1863లో లింకన్ ఆ మాట విన్నాడు. నవంబరు చివరి గురువారం అని అక్టోబరు 3న ప్రకటన ఇచ్చాడు. దేశం రెండు ముక్కలై కొట్టుకుంటున్నప్పుడు, ఇళ్లలో కొడుకుల కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిన సెలవిది. కొనడం, అమ్మడం దీని పుట్టుకలో ఎక్కడా లేవు.

కొట్లవాళ్లు ఈ కథలోకి గట్టిగా అడుగుపెట్టింది 1939లో. ఆ ఏడు నవంబరుకు ఐదు గురువారాలు పడ్డాయి. చివరిది 30వ తేదీ. పండగ అయ్యేదాకా క్రిస్మస్ సరుకు ప్రకటనలు మొదలుపెట్టకపోవడం అప్పటి వ్యాపారుల మర్యాద. 30న పండగైతే క్రిస్మస్ అమ్మకాలకు మూడు వారాల పైచిలుకే మిగులుతుంది. ఆర్థిక మాంద్యం ఇంకా వదల్లేదు. ఒహాయోకు చెందిన ఫ్రెడ్ లజారస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమానీ, తోటి వ్యాపారులూ ఈ సంగతి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చెవిన వేశారు. ఆయన ఆగస్టులో చల్లగా ప్రకటించాడు, ఈసారి థాంక్స్‌గివింగ్ ఒక వారం ముందే, 23న అని.

ఇక చూడండి గోల. క్యాలెండర్లు అచ్చయిపోయాయి. కాలేజీల ఫుట్‌బాల్ పోటీలకు తేదీలు ఖాయమైపోయాయి. సగం రాష్ట్రాలు రూజ్‌వెల్ట్ మాట విన్నాయి, మిగతా సగం వినలేదు. టెక్సస్ లాంటివి రెండు రోజులూ సెలవిచ్చేశాయి. మా మసాచుసెట్స్ పాత తేదీనే పట్టుకుంది. భర్త ఉద్యోగం ఒక రాష్ట్రంలో, భార్య పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో ఉన్న ఇళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఆయనకు సెలవున్న రోజు అక్కడ పండగ లేదు, అక్కడ పండగైన రోజు ఆయనకు సెలవు లేదు. అధ్యక్షుడి పేరు కలిపి ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని జనం వెక్కిరించారు. 1940లోనూ, 1941లోనూ ఇదే తంతు. చివరికి అమ్మకాలు అనుకున్నంతగా ఏమీ పెరగలేదని తేలింది. 1941 మేలో రూజ్‌వెల్టే ఈ ప్రయోగం ఫలించలేదని ఒప్పుకున్నాడు. అదే ఏడు డిసెంబరు 26న నవంబరు నాలుగో గురువారాన్ని ఖాయం చేస్తూ వచ్చిన చట్టం మీద సంతకం పెట్టాడు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అంత యుద్ధపు హడావిడిలోనూ సెలవు తేదీ తేల్చుకోక తప్పలేదు. నాకు ఈ దేశ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి. బేరం కోసం పండగనే ముందుకు జరపబోతే సగం దేశం కుదరదంది.

మరి శుక్రవారం ఎలా తయారైంది? దానికి ఆ పేరు తగిలించింది ఫిలడెల్ఫియా పోలీసులు. అది 1950ల చివర, 60ల మొదటి నాటి సంగతి. పండగ మర్నాడు చుట్టుపక్కల ఊళ్ల జనం షాపింగుకు దిగేవారు. శనివారం సైన్యానికీ నౌకాదళానికీ ఫుట్‌బాల్ మ్యాచ్, దాని జనం వేరే. రోడ్లన్నీ జామ్, కొట్లలో దొంగతనాలు, పోలీసులకు సెలవు రద్దు. చిరాకెత్తి వాళ్లు పెట్టుకున్న పేరది. నష్టాల్లోంచి లాభాల్లోకి వచ్చే రోజని చెప్పే అందమైన కథ 1980లలో వ్యాపారులు అల్లింది. మొదటి నుంచీ ఈ శుక్రవారం ఎవరో ఒకరి సెలవును మింగుతూనే ఉంది.

నేను వచ్చిన కొత్తల్లో, 2000ల నడుమ, మా బ్యాచిలర్ ఇళ్లలో దీపావళి కంటే బ్లాక్ ఫ్రైడేకే సందడి ఎక్కువ. గురువారం పేపరు ఇటుకంత లావుండేది. వార్తలు పక్కన పడేసి, ఆ రంగురంగుల కరపత్రాలు నేలంతా పరిచి, ఎవరు ఏ కొట్టు ముందు నిలబడాలో పంచుకునేవాళ్లం. మంకీ టోపీలు, రెండేసి స్వెటర్లు, ఫ్లాస్కులో టీ. తెల్లవారుజామున తలుపులు తీసేముందు కొట్టువాళ్లు చీటీలు పంచుతారు. చీటీ అందినవాడికే ఆ ల్యాప్‌టాప్. కొన్నాక రిబేటు భాగోతం ఇంకోటి. పెట్టె మీది బార్‌కోడు కత్తెరతో కత్తిరించి, బిల్లు జతచేసి పోస్టు చేస్తే రెండు మూడు నెలలకు చెక్కు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. కొన్నదాంట్లో సగం ఇండియా వెళ్లే సూట్‌కేసుల్లోకే. బావమరిదికి కెమెరా, పిన్ని కొడుక్కి ఐపాడ్. సరదాగా ఉండేదా అంటే, ఉండేది. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ లైనే పండగ. ఆ మాట దాచను.

పెళ్లయ్యాక లెక్క మారింది. మా ఆవిడ తెనాలి నుంచి హెచ్4 వీసా మీద వచ్చింది. ఆ వీసా ఉన్నవాళ్లు అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. 2015 మేలో కొందరికి అనుమతి వచ్చేదాకా అదే పరిస్థితి. చదువుకున్న మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు గోడల మధ్య. కారు నేను తీసుకుపోతాను. బయట మంచు. అలాంటి చోట థాంక్స్‌గివింగ్ నుంచి ఆదివారం దాకా ఆ నాలుగు రోజులంటే ఏమిటో ఆలోచించండి. ఏడాది మొత్తంలో ఆఫీసు నుంచి ఒక్క మెయిలూ రాని రోజులు ఉంటే అవే. బ్లాక్ ఫ్రైడే లైనుకు వెళ్లాలా వద్దా అనే చర్చ మా ఇంట్లో ఎంతోసేపు జరగలేదు కూడా.

“ఏవండీ, ఆ టీవీ ఎంత తక్కువకొస్తుంది?”

“రెండొందల డాలర్లు.”

“దానికి మీరు బుధవారమంతా ఆ కాగితాలు చూస్తారు, గురువారం సాయంత్రమే పడుకుంటారు, శుక్రవారం నిలబడతారు, శనివారం నిద్రపోతారు. రెండొందలు నేను పచ్చట్లో మిగులుస్తాను లెండి.”

పచ్చడి అంటే క్రాన్‌బెర్రీ పచ్చడి. మా వైపు తెలుగువాళ్ల ఇళ్లలో అదొక సంప్రదాయమైపోయింది. ప్లిమత్ చుట్టుపక్కల నుంచి కేప్ కాడ్ దాకా క్రాన్‌బెర్రీ మళ్లుంటాయి. కోత వేళకు నీళ్లు పెట్టి ముంచితే ఎర్రటి కాయలు పైకి తేలి చెరువంతా కుంకుమ పోసినట్టుంటుంది. నవంబరులో సంచులకు సంచులు చవగ్గా దొరుకుతాయి. అమెరికన్లు చక్కెర పోసి జామ్ చేసి టర్కీ కోడితో తింటారు. మనవాళ్లు ఎండుమిర్చి, మెంతులు వేయించి, ఇంగువ పెట్టి నూరుతారు. కాయలు నూనెలో పడగానే టప్‌టప్‌మని పేలి, మెత్తబడి, ముద్దవుతాయి. పులుపులో గోంగూరకు తీసిపోదు, కాస్త వగరు ఎక్కువ. గురువారం మధ్యాహ్నం వేడన్నంలో అది కలుపుకుని, మిగతా రోజంతా కబుర్లు చెప్పుకుంటూ గడపడం మా పండగగా స్థిరపడింది. శుక్రవారం వాతావరణం బాగుంటే సముద్రం ఒడ్డుకు పోతాం. ఆ చలిలో అక్కడ పిట్ట కూడా ఉండదు.

ఇది నా మంచితనమని మీరు అనుకోకండి. జీతంతో సెలవున్నవాడు షాపింగు మానేసి ఇంట్లో కూర్చోవడం గొప్పేమీ కాదు. ఆ తర్వాత అర్థమైన సంగతి వేరే ఉంది. వర్క్ పర్మిట్ వచ్చాక మా ఆవిడ ఒక మాల్‌లో బట్టల కొట్లో చేరింది. కొట్లో పనిచేసేవాళ్లకు గురువారం సెలవు దొరకాలంటే ఆ కొట్టు మూసి ఉండాలి. కొట్టు తెరిచి ఉంటే భర్త ఎంత ప్రేమగా ఇంట్లో కూర్చున్నా ఆమె రాలేదు. ఇక్కడే ఇందాకటి తోక అక్కరకొచ్చింది. మసాచుసెట్స్‌లో థాంక్స్‌గివింగ్ నాడు, క్రిస్మస్ నాడు పెద్ద కొట్లు తెరవడానికి చట్టం ఒప్పుకోదు. ఇలాంటి చట్టాల్ని ఇక్కడ ‘బ్లూ లాస్’ అంటారు. పక్కనున్న రోడ్ ఐలండ్‌లోనూ, పైనున్న మెయిన్‌లోనూ ఇదే పద్ధతి. ప్యూరిటన్లు దేవుడి కోసం పెట్టిన నియమం తెనాలి అమ్మాయికి అన్నం వేళ మిగిల్చింది.

ఈ చట్టాలు నిలబడటం తేలిగ్గా జరగలేదు. 1961లో నాలుగు కేసులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఒకటి మేరీలాండ్‌ది. ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉద్యోగులు ఆదివారం నాడు ఒక ఫైలు అట్ట, నేల మెరుగు మైనం, స్టేప్లరు, పిన్నులు, ఒక బొమ్మ జలాంతర్గామి అమ్మారని ఐదేసి డాలర్ల జరిమానా. నవ్వొస్తుంది కదా. కానీ ఇంకోటి మా రాష్ట్రంలోదే, అందులో నవ్వేం లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో క్రౌన్ కోషర్ మార్కెట్ అని యూదుల కొట్టు. వాళ్ల మతం ప్రకారం శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా మూసేయాలి. చట్టం ప్రకారం ఆదివారమూ మూసేయాలి. రెండు రోజులు మూస్తే బతికేదెలా? ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ చెప్పిన తీర్పు సారాంశం ఇది: ఈ చట్టాలు మతంలోంచి పుట్టినా ఇప్పుడు వాటి పని వేరు. వారానికి ఒక రోజు ఎవరికి తోచినప్పుడు వాళ్లు తీసుకుంటే అది విశ్రాంతి అవుతుందేమో గానీ, ఇంటిల్లిపాదీ ఊరంతా కలిసి గడిపే రోజు కాదు. అందరికీ ఒకే రోజు ఉండాలంటే రాష్ట్రం దాన్ని నిర్ణయించవచ్చు.

ఆ యూదుల కొట్టుకు అన్యాయం జరిగిందనే నేననుకుంటాను. ముగ్గురు న్యాయమూర్తులు కూడా అలాగే అనుకుని విడిగా రాశారు. అయినా వారెన్ చెప్పిందాంట్లో మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఏ ఇంటికైనా తెలిసిన నిజం ఉంది. ఆయనకు మంగళవారం, ఆమెకు గురువారం సెలవిస్తే లెక్కకు ఇద్దరికీ సెలవే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకచోట కూర్చుని తినడం మాత్రం జరగదు.

ఆదివారం గోడ మా రాష్ట్రంలో 1983 కల్లా కూలిపోయింది. దానికి బదులుగా ఆదివారం పనిచేసేవాళ్లకు ఒకటిన్నర రెట్లు జీతం అని పెట్టారు. 2018లో కుదిరిన ఒప్పందంలో కనీస వేతనాన్ని మెట్టుమెట్టుగా 15 డాలర్లకు పెంచుతూ ఆ ఆదివారపు అదనాన్ని అదే మెట్ల మీద తగ్గించుకుంటూ వచ్చి, 2023 జనవరికి సున్నా చేశారు. మిగిలింది థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ మూత మాత్రమే. దానికీ కన్నం ఉంది. ఉత్తరాన సరిహద్దు దాటితే న్యూ హాంప్‌షైర్. అక్కడ ఈ నియమం లేదు, పైగా అమ్మకపు పన్నూ లేదు. సరిహద్దు మీదున్న నాషువాలో 1986లో ఫెజంట్ లేన్ మాల్ కట్టారు. కార్లు నిలిపే స్థలంలో కొంత భాగం మసాచుసెట్స్‌లోని టింగ్స్‌బరోలో ఉంటుంది. భవనం మాత్రం ఒక్క అడుగు కూడా గీత దాటదు. దాటితే మా రాష్ట్రం పన్ను వేస్తుందని ఒక మూలను చెక్కినట్టు కోసి కట్టారు. పైనుంచి తీసిన పటంలో చూడండి, నవ్వొస్తుంది. మా రాష్ట్రంలో కారు ఆపి, పక్క రాష్ట్రంలో టీవీ కొనుక్కుని రావచ్చు. ఆరుంపావు శాతం పన్ను మిగులుతుంది.

చట్టం లేని రాష్ట్రాల్లో కొట్లవాళ్లు శుక్రవారాన్ని నెమ్మదిగా గురువారంలోకి జరుపుకుంటూ వచ్చారు. తెల్లవారుజాము ఐదు, నాలుగు అయింది. 2011లో పెద్ద కొట్లు కొన్ని అర్ధరాత్రికే తలుపులు తీశాయి. ఒమాహాలో టార్గెట్ అనే పెద్ద కొట్టు ఉద్యోగి ఒకరు పండగ పూట కుటుంబాన్ని వదిలి రాలేమని విన్నపం పెడితే లక్షకు పైగా జనం సంతకాలు చేశారు. మరుసటి ఏడాది అదే కొట్టు గురువారం రాత్రి తొమ్మిదికే తెరిచింది. 2013లో మేసీస్ ఎనిమిదికి. అంతకుముందే, 2008లో, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని వాల్‌మార్ట్‌లో రెండు వేల మంది తెల్లవారకముందే తలుపులు విరగ్గొట్టుకుని లోపలికి పడితే, కాపలాకు పెట్టిన తాత్కాలిక ఉద్యోగి వాళ్ల కాళ్ల కింద చనిపోయాడు. పోయింది ఒక ప్రాణం, కేంద్ర కార్మిక భద్రతా సంస్థ వేసిన జరిమానా 7,000 డాలర్లు. ఆ జరిమానా మీద కంపెనీ ఏళ్ల తరబడి వాదించింది.

ఇవన్నీ ఆపలేని పనిని చివరికి కరోనా ఆపింది. 2020లో జనం గుమిగూడకూడదని వాల్‌మార్ట్, టార్గెట్ లాంటివి గురువారం మూసేశాయి. మూసినా అమ్మకాలు ఇంటర్నెట్‌లో జరిగిపోయాయి. 2021లో టార్గెట్ ఇకమీదట థాంక్స్‌గివింగ్ నాడు తెరవమని ప్రకటించింది. దయతో వచ్చిన సెలవని నేననుకోను. లెక్క కుదిరింది, అంతే. లెక్క తిరగబడితే మళ్లీ తెరుస్తారు. చట్టం ఉన్న చోట ఆ బెంగ లేదు. అందుకే మా రాష్ట్రంలో ఈ పాత చట్టం ఎందుకు, వ్యాపారం పక్క రాష్ట్రానికి పోతోంది, తీసేయండి అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఈ నవంబరుకూ మా ఆవిడ కొట్టు శుక్రవారం పొద్దున్నే తెరుస్తుంది, తను వెళ్తుంది. గురువారం ఇంట్లోనే. కొత్తగా ఇటువైపు వచ్చే జంటలకు ఒక్క మాట. కూరగాయలూ పెరుగూ బుధవారం సాయంత్రమే తెచ్చిపెట్టుకోండి. గురువారం పెద్ద కొట్లు తెరవవు. పెట్రోలు బంకు దగ్గర పాలు దొరుకుతాయి, కొత్తిమీర దొరకదు.